చుట్టీ నుంచి వచ్చినంక
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



మాట్లాడటం నాకు కొత్త కాదు. రోజూ పొద్దున పని మొదలయ్యే ముందు సైటులో ఐదు నిమిషాలు టూల్ బాక్స్ టాక్ చెప్తాను. కాకపోతే అక్కడ ఎవరూ వినరు. బస్సులో పోయిన నిద్ర ఇంకా వదలదు కదా. ఇక్కడ ఇరవై నిమిషాలు ఇచ్చారు, పైగా మీరంతా మెలకువగా ఉన్నారు. అదే జర భయంగా ఉంది.

కమిటీ అన్నలు నన్ను స్కాఫోల్డింగ్ జాగ్రత్తల గురించి చెప్పమన్నారు. అది ఏడాది పొడుగునా చెప్తూనే ఉన్నాను. నేను చుట్టీ నుంచి తిరిగి వచ్చి ఇవాళ్టికి పందొమ్మిది రోజులు. బ్యాగులో మామిడి తొక్కు వాసన ఇంకా పోలేదు. మనసులో ఉన్నది అదే కాబట్టి దాని గురించే చెప్తానన్నాను, ఒప్పుకున్నారు.

మాది జగిత్యాల జిల్లా. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, ఫోర్‌మెన్ పని అని చెప్పిన ఏజెంటును నమ్మి 2012లో దుబాయ్ వచ్చాను. దిగినంక హెల్పర్ డ్రెస్ ఇచ్చారు. ఆ కథ మీలో సగం మందికి మీ కథే, చెప్పక్కర్లేదు. సూపర్‌వైజర్ కావడానికి ఆరేండ్లు పట్టింది. ఇప్పుడు నా కింద నలభై మంది దాకా ఉంటారు. షట్టరింగ్ కార్పెంటర్లు, స్టీల్ ఫిక్సర్లు, హెల్పర్లు. వాళ్ల టైమ్ షీటు నేనే రాస్తాను. వాళ్ల లీవు చార్టు కూడా మొదట నా చేతిలోనే తయారవుతుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఈసారి చుట్టీ రెండున్నరేండ్లకు దొరికింది. నలభై రోజులు. బతుకమ్మకు వారం ముందే ఇంట్లో ఉన్నాను. తిరిగి వచ్చేటప్పుడు విమానంలో నిద్ర పట్టక, అలవాటు కొద్దీ, ఆ నలభై రోజులకూ టైమ్ షీటు రాసుకున్నాను. చదువుతాను వినండి. బ్యాంకు, మీసేవ, తాసిల్దార్ ఆఫీసు ఆరు రోజులు. చుట్టాల ఇండ్లు, దావత్‌లు ఆరు రోజులు. పొలం ఐదు రోజులు. దవాఖాన ఐదు రోజులు. పండుగ నాలుగు రోజులు. మూడు పెండ్లిళ్లు, ఒక దినం కలిపి నాలుగు రోజులు. ఇక్కడి వాళ్లు ఇచ్చిన పార్శిళ్లు ఊరూరికీ ఇచ్చి రావడం మూడు రోజులు. పెండ్లాం పిల్లలతో హైదరాబాద్ మూడు రోజులు. రానుపోను ప్రయాణం రెండు రోజులు. మొత్తం ముప్పై ఎనిమిది. మిగిలినవి రెండు.

ఆ రెండు రోజులు వాన పట్టింది. కరెంటు లేదు. ఎవరూ రాలేదు, ఎక్కడికీ పోలేదు. వసారాలో కుంపటి పెట్టి మక్క కంకులు కాల్చుకొని తిన్నాం. ఏం మాట్లాడుకున్నామో కూడా గుర్తు లేదు. రెండున్నరేండ్లు నేను ఎదురుచూసింది ఆ రెండు రోజుల కోసమే అని విమానంలో కూర్చున్నాక తెలిసింది.

మా కొడుక్కు నాలుగున్నరేండ్లు. నేను పోయినసారి వచ్చేటప్పటికి వాడికి రెండేండ్లు. రోజూ వీడియో కాల్‌లో గంట సేపు మాట్లాడేవాడు. నేరుగా నన్ను చూసేసరికి మూగోడైపోయాడు. తెచ్చిన రిమోట్ కారు తీసుకున్నాడు గాని నా దగ్గరికి రాలేదు. రెండో రోజు సాయంత్రం నేను మంచం మీద కూర్చొని ఉండగానే వాళ్లమ్మ ఫోను పట్టుకొని పక్క గదిలోకి పోయి, "అమ్మా, డాడీకి ఫోన్ చెయ్యి" అంటున్నాడు. మా ఇంటామె నా ముఖం చూసింది. నేను ఏం అనకుండా లేచి వాకిలి దాటి, వేపచెట్టు కిందికి పోయి ఫోను ఎత్తాను. పది నిమిషాలు ఎంత బాగా మాట్లాడాడో. కారు ఎట్లా ఉరుకుతుందో చెప్పాడు. ఇంట్లకు ఎవరో వచ్చిండ్రని కూడా చెప్పాడు. ఆ వచ్చింది నేనే. వాడు నా భుజం ఎక్కడానికి తొమ్మిది రోజులు పట్టింది.

దవాఖాన ఐదు రోజులు అన్నాను కదా, అది మా బాపు కోసం. బాపుకు షుగర్ ఉందని తెలుసు. కాలి బొటనవేలికి పుండై మూడు నెలలైందని తెలియదు. ఫోన్లో ఎప్పుడు అడిగినా "మంచిగనే ఉన్న బిడ్డా" అనేవాడు. వీడియోలో ముఖం కనబడుతుంది గాని కాలు కనబడదు కదా. ఎందుకు చెప్పలేదని అవ్వ మీద కోపం చేస్తే, "అంత దూరంల ఉన్నోనికి చెప్పి ఏం జేత్తం, బువ్వ తినకుంట పండుకుంటవు" అన్నది. నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే నేను కూడా పోయిన ఎండాకాలం సైటులో కళ్లు తిరిగి పడిపోయి ఒక రోజు గ్లూకోజ్ పెట్టించుకున్నది వాళ్లకు చెప్పలేదు. వాళ్లు దాస్తారు, మనం దాస్తాం. రెండు దిక్కులా మంచి మనసుతోనే. ఆ పుండు ఇంకో నెల అట్లాగే వదిలేస్తే వేలు తీసేయాల్సి వచ్చేదని డాక్టర్ అన్నాడు. ఇప్పుడు నేను ఇంట్లో ఒక పద్ధతి పెట్టాను. ప్రతి శనివారం మా బిడ్డ ఫోను కెమెరా తాత కాళ్ల దగ్గర పెట్టి చూపించాలి. దానికి తొమ్మిదేండ్లు, ఈ పని బాగా చేస్తుంది. మీ ఇండ్లల్లో షుగర్ ఉన్న పెద్దోళ్లుంటే మీరు కూడా ముఖం కాదు, కాళ్లు చూడండి.

పైసల సంగతి కూడా చెప్పాలి, దాచితే లాభం లేదు. రెండున్నర లక్షలు ఖర్చు అవుతుందనుకొని పోయాను. మూడు లక్షల పది వేలు అయింది. అందులో దవాఖానది ముప్పై వేలే. మిగతాది ఎక్కడ పోయిందో చూస్తే, దుబాయ్ నుంచి వచ్చినోడు అన్న పేరుకే సగం పోయింది. దావత్‌కు ఎవరు పిలిచినా చివరికి బిల్లు నా ముందుకే వచ్చింది. పెండ్లి కట్నాలు చదివించేటప్పుడు మైకులో పేరు, ఊరు చెప్పినంక "దుబాయ్" అని కూడా చెప్తే ఐదు వందలు ఎట్లా ఇస్తాం? వచ్చేటప్పుడు టికెట్ పక్కన పెట్టుకున్న పైసలు కూడా తీసి, మళ్లీ మా బావ దగ్గర ఇరవై వేలు బదులు తీసుకున్నాను. దుబాయ్ నుంచి పోయినోడు ఊళ్లో అప్పు చేసి దుబాయ్‌కి వచ్చాడు! నవ్వుతున్నారు గాని, ఇక్కడ కూర్చున్న వాళ్లలో ఎంతమంది ఆ పని చేయలేదో చేతులెత్తండి చూద్దాం.

హైదరాబాద్ టూరు పిల్లలకు రెండేండ్ల నుంచి చెప్తున్న మాట. కారు కిరాయికి తీసుకొని పోయాం. జూ చూశాం, చార్మినార్ చూశాం. 1591లో కట్టింది, సిమెంటు లేని రోజుల్లో సున్నం, రాయితో ఇంత ఎత్తు లేపారని మా బిడ్డకు చెప్తుంటే మా ఇంటామె "ఇక్కడ కూడా సైటేనా" అన్నది. సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం దగ్గర మస్తు మంది. గంట కొట్టే వేళకు ఒక చిన్న గడ్డపు మనిషి బొమ్మ తలుపు తీసుకొని బయటికి వస్తుంది, గంటలు కొట్టి మళ్లీ లోపలికి పోతుంది. మా కొడుకు చప్పట్లు కొట్టాడు. మా ఇంటామె మెల్లగా నా చెవిలో అన్నది, "ఈయనే నయం, గంటకోసారన్న బయటికొస్తుండు" అని. ఇరవై మందిలో ఏం జవాబు చెప్తాను.

మూడో రోజు గోల్కొండ. అక్కడ జరిగింది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. కోట ముఖద్వారం దగ్గర గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్ దాకా వినబడుతుంది. శత్రువులు వస్తే పైకి కబురు అందడానికి అట్లా కట్టారని చెప్తారు. మా బిడ్డ స్కూల్లో విన్నదట, ఇంటి దగ్గర్నుంచి అదే పాట. చిన్నోడు మెట్లెక్కలేడు, వాళ్లమ్మ వాడితో కిందనే ఉంటానన్నది. బిడ్డ నాతో ఒప్పందం చేసింది. "డాడీ, నువ్వు పైకి పో. పోయినంక నేను ఫోన్ చేసి చెప్త, ఇగ కొడ్తున్న అని. నువ్వు విని చెప్పాలె." సరే అని మూడు వందల పైచిలుకు మెట్లు ఎక్కాను. పైకి చేరానో లేదో సైటు నుంచి ఫోన్. ఏడు రోజుల క్యూబ్ టెస్టు బలం తక్కువ వచ్చింది, కన్సల్టెంటు గట్టిగా అడుగుతున్నాడు, పోత రోజు టెంపరేచర్ రికార్డు ఏ ఫైలులో ఉంది అని. నేను లీవులో ఉన్నానని అనలేదు. పదకొండు నిమిషాలు మాట్లాడాను. మధ్యలో రెండుసార్లు ఇంకో కాల్ టింగ్ టింగ్ అన్నది. అది మా బిడ్డది.

కిందికి దిగాక ఉరికి వచ్చి "వినబడ్డదా డాడీ?" అన్నది. "వినబడ్డది బిడ్డా" అన్నాను. "ఎన్నిసార్లు కొట్టిన?" అన్నది. నేను మూడు అన్నాను. అది ఏం మాట్లాడలేదు. కారులో కూర్చున్నాక వాళ్లమ్మ చెప్పింది, ఫోను కలవక చేతులు ఎర్రగయ్యేదాకా కొట్టిందట. సైటులో ఆ ఫైలు ఎక్కడుందో ముందే చెప్పి రాసిచ్చి వచ్చాను, ఆ కాగితం వాళ్ల టేబుల్ మీదనే ఉంది. అయినా ఫోను వస్తే ఎత్తకుండా ఉండే అలవాటు నాకు పోయింది. తప్పు వాళ్లది కాదు.

ఇప్పుడు లీవు చార్టు దగ్గరికి వస్తాను.

మా గ్యాంగులో ఒక షట్టరింగ్ కార్పెంటర్ ఉన్నాడు. మా జిల్లావాడే, నాకన్నా ఎనిమిదేండ్లు పెద్ద, అన్నా అనే పిలుస్తాను. అతనూ నన్ను అన్నా అనే అంటాడు, సూపర్‌వైజర్‌నని. ఈ దసరాకు అతను పోవాలి. చార్టులో మొదట అతని పేరే ఉంది. కాని నేనూ అతనూ ఒకేసారి పోతే పోడియం స్లాబు షట్టరింగ్ ఆగిపోతుందని మేనేజర్ అన్నాడు, ఇద్దరిలో ఒకరే అన్నాడు. నేను చార్టులో అతని పేరు ఫిబ్రవరికి మార్చాను. నా పేరు దసరాకు రాసుకున్నాను. లీవు ముందుకు జరపడానికి నాకు అభ్యంతరం లేదు అన్న కాగితం మీద అతనితో సంతకం కూడా తీసుకున్నాను. కాగితం ఇంగ్లీషులో ఉంది. "కంపెనీ పని ఒత్తిడి అన్నా" అని చెప్పాను. అతనికి అప్పటికే రెండేండ్ల నాలుగు నెలలైంది.

ఒక మాట ఇక్కడ చెప్పాలి, మీకు పనికొస్తుంది. ఈ దేశం లేబర్ చట్టం ప్రకారం ఏడాది పని పూర్తయితే ఏడాదికి 30 రోజుల లీవు మన హక్కు. తేదీలు కంపెనీ నిర్ణయించవచ్చు గాని నెల ముందు చెప్పాలి. మనం ఇష్టపడి ముందుకు జరుపుకుంటేనో, పైసలు తీసుకుంటేనో తప్ప రెండేండ్లు దాటించి లీవు ఆపడానికి లేదు. నాకు ఈ సంగతి తెలుసు. తెలిసే సంతకం తీసుకున్నాను. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టొద్దని మన ఫోరంలో ప్రతి ఏడూ చెప్తారు. ఆ కాగితం ముందు పెట్టేవాడు ఒక్కోసారి మన ఊరోడే అయి ఉంటాడని కూడా చెప్పాలి.

నేను పోయేటప్పుడు అతను నాకు ఐదు కిలోల పార్శిల్ ఇచ్చాడు. నీడో పాలపొడి, ట్యాంగ్, టైగర్ బామ్, ఖర్జూరాలు, తల్లికి ఒక దుప్పటి. వాళ్ల ఊరు ధర్మపురి దిక్కు, గోదావరికి దగ్గర. నేను సద్దుల బతుకమ్మకు ముందు రోజు పోయాను. ఇంటి ముందు ఆయన భార్య బీడీలు చేస్తూ ఉంది, పక్కన తంగేడు పూలు గుట్టగా పోసి ఉన్నాయి. ముసలామె మంచంలో ఉంది, నడుము పడిపోయింది. నేను ఎవరో చెప్పగానే ఆమె నా చెయ్యి పట్టుకుంది. "మా పోరడు చెప్పిండు బిడ్డా, మా సూపర్‌వైజర్ మస్తు మంచోడు, మనోడే అని. ఈ పండుగకన్న వస్తడనుకున్న. కంపినోళ్లు ఇడువలేదట గదా." నేను తల ఊపాను. చాయ ఇచ్చారు. మలీద ముద్దలు పెట్టారు. వాళ్ల బిడ్డ ఇంటర్ చదువుతుంది, "అంకుల్, మీరు చెప్తే లీవ్ ఇస్తరట గదా?" అన్నది. వాళ్లమ్మ దాన్ని కోప్పడింది. మలీద ముద్ద నా గొంతులోనే ఉండిపోయింది.

వచ్చేటప్పుడు ఆమె ఒక సంచి ఇచ్చింది. తొక్కు, కారప్పొడి, మటన్ మసాలా. ఇంటికి వచ్చి విప్పి చూస్తే మసాలా పొట్లంలో విడిగా గసగసాలు కట్టి పెట్టింది. ఆమెకు ఏం తెలుసు? ఇక్కడ గసగసాలు మత్తు పదార్థం కింద లెక్క, దొరికితే జైలే. తీసి మా అవ్వకు ఇచ్చేశాను. ఎవరు ఏం ఇచ్చినా, అక్కచెల్లెండ్లు ఇచ్చినా సరే, పొట్లాలు విప్పి చూడకుండా బ్యాగులో పెట్టకండి. నొప్పి గోలీలు, దగ్గు మందులు కూడా అంతే. కొన్ని మన దగ్గర మామూలుగా దొరికేవి ఇక్కడ నిషేధం. డాక్టర్ చీటీ లేకుండా తేవద్దు, అనుమానం ఉంటే ముందే అడిగి పర్మిషన్ తీసుకోండి.

మళ్లీ ఇక్కడికి వచ్చిన రోజు గురించి ఎక్కువ చెప్పను. అందరికీ తెలిసిందే. మా కొడుకు కారు దగ్గరికి వచ్చి "ఫోన్ల కలుద్దాం డాడీ" అన్నాడు. అంతే.

క్యాంపులో మొదటి రాత్రి పడుకుంటే మీది మంచం ఇనుప పట్టీ చూసి ఇది ఎవరి ఇల్లు అనుకున్నాను. పొద్దున నాలుగున్నరకు బస్సు. మూడో రోజు ఎనిమిదో అంతస్తు స్లాబు అంచున నిలబడి ఉన్నాను. హార్నెస్ వేసుకున్నాను గాని హుక్కు తగిలించలేదు. ఒక నేపాలీ హెల్పర్ "సార్, హుక్!" అని అరిచాడు. అప్పుడు నేను ఏం ఆలోచిస్తున్నానంటే, ఎన్నిసార్లు చప్పట్లు కొట్టిందో అడిగితే చెప్పలేదు కదా అని. రోజూ నలభై మందికి హుక్కు గురించి చెప్పేవాణ్ణి నేను. ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టాను. చుట్టీ నుంచి వచ్చినోడికి మొదటి వారం ఎత్తు మీద పని ఇవ్వను, కిందనే కటింగ్ యార్డులోనో, మెటీరియల్ దగ్గరో ఉంచుతాను. ఎండ అలవాటు కూడా నెల రోజుల్లో ఒంటి నుంచి పోతుంది, మెల్లగా మళ్లీ రావాలి. మనసుదీ అదే లెక్క అనుకుంటున్నాను. స్కాఫోల్డింగ్ గురించి చెప్పమన్న కమిటీ అన్నల మాట కూడా ఈ విధంగా తీరింది.

ఆ సాయంత్రమే కార్పెంటర్ అన్న గదికి పోయాను. తొక్కు సంచి ఇచ్చాను. తల్లి సంగతి చెప్పాను. తర్వాత, "అన్నా, కంపెనీ కాదు, చార్టుల నీ పేరు నేనే మార్చిన" అన్నాను. అతను తొక్కు డబ్బా మూత తీసి వాసన చూస్తూ "తెలుసు" అన్నాడు. "చార్టు గోడకే అంటిస్తరు గదా. నా పేరు, నెల పేరు చదవరాదా నాకు? నా పేరు కాడ నీ పేరు ఉండె."

"మరి ఇంట్ల నేను మంచోణ్ణని ఎందుకు చెప్పినవ్?" అన్నాను.

"నువ్వు మా ఇంటికి పోతున్నవ్ గదా. వాళ్లు నీకు చాయ పొయ్యాలె గదా" అన్నాడు.

నేను మేనేజర్ దగ్గరికి మూడుసార్లు పోయాను. మొదటిసారి కాదన్నాడు, రెండోసారి చూద్దామన్నాడు. మూడోసారి చట్టం సంగతి, సంతకం కాగితం సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మా ఇంకో సైటు నుంచి ఇద్దరు కార్పెంటర్లను నెల రోజులకు అడిగి తెచ్చుకుంటానన్నాను. వాళ్లు వచ్చారు. వాళ్లలో ఒకడికి లెవెల్ పట్టడం సరిగా రాదు, రోజూ నేనే దగ్గరుండి చూస్తున్నాను. అయినా పని నడుస్తుంది. పోడియం స్లాబు ఆగిపోలేదు.

అన్న టికెట్ వచ్చే గురువారానికి. అరవై రోజులు. రాత్రి అతని గదిలో బ్యాగు తూకం వేస్తుంటే నేను కూడా ఒక పార్శిల్ పట్టుకుపోయాను, మా ఇంటికి. బాపుకు కాలికి మెత్తటి చెప్పులు, కొడుక్కు రిమోట్ కారు బ్యాటరీలు, బిడ్డకు ఒక ఉత్తరం. ఫోన్లో చెప్పలేనిది కాగితం మీద రాశాను, నాకు ఒక్క చప్పుడు కూడా వినబడలేదు అని. అన్న తూకం చూసి, "మూడు కిలోలే ఉంది, ఇంకో రెండు కిలోలు పెట్టు" అన్నాడు.